సినిమా జీనియస్‌కి కాగితం ఎందుకు దొరకదు?

మీరు అడిగింది ఇదీ: అబ్బాయి ఈ ఏడాది బీటెక్‌లో చేరుతున్నాడు, లెక్కల్లో చురుకు. కాలేజీ సినిమాలు వరసపెట్టి చూసి, "నిజంగా తెలివున్నవాడికి క్లాసులూ రికార్డులూ ఎందుకమ్మా, అవన్నీ యావరేజ్ వాళ్లకి" అంటున్నాడు. సినిమాల్లో చూపించినట్టే ఉంటుందా, ఏ సినిమా నిజానికి దగ్గరగా ఉంది అని మీ ప్రశ్న.

నేను ఇరవై ఎనిమిదేళ్లు ఇంజనీరింగ్ కాలేజీల్లో మ్యాథ్స్ చెప్పి రిటైరయ్యాను. సినిమాలు కూడా బాగానే చూశాను. పిల్లలతో మాట కలపడానికి అంతకన్నా సులువైన దారి లేదు. ప్రతి బ్యాచ్‌కీ ఒక సినిమా ఉంటుంది. నేను చేరిన కొత్తలో వెనక బెంచీల దేవుడు ఇంకా 'శివ'నే. 2007 తర్వాత చేరినవాళ్లంతా 'హ్యాపీ డేస్' తమ క్లాసులోనే తీశారన్నట్టు మాట్లాడేవాళ్లు. 2010 నుంచి నాలుగైదేళ్లు ఎవడికి సప్లీ వచ్చినా '3 ఇడియట్స్' పేరే చెప్పేవాడు. 'అర్జున్ రెడ్డి' వచ్చిన ఏడాది అటెండెన్స్ తీసుకుంటూ తలెత్తితే సగం క్లాసు గడ్డాలే. కాబట్టి మీవాడి వాదన నాకు కొత్త కాదమ్మా. అందులో కొంత నిజం కూడా ఉంది, దాని దగ్గరికి వస్తాను.

ముందు ఒక చిన్న సంగతి గమనించండి. సినిమాల్లో జీనియస్‌కి కాగితం దొరకదు. 'గుడ్ విల్ హంటింగ్' (1997)లో విల్ ఇంట్లో అద్దం మీద లెక్కలు రాస్తాడు. 'ఎ బ్యూటిఫుల్ మైండ్' (2001)లో గణితవేత్త జాన్ నాష్ ప్రిన్స్‌టన్‌లో కిటికీ అద్దాల మీద రాస్తాడు. 'ది సోషల్ నెట్‌వర్క్' (2010)లో చదరంగం ర్యాంకుల ఫార్ములా హార్వర్డ్ హాస్టల్ కిటికీ మీదకెక్కుతుంది. ముగ్గురు దర్శకులు, ముగ్గురికీ గాజే దొరికింది. దీని వెనక పెద్ద రహస్యమేమీ లేదు. కెమెరాని గాజుకి అవతల పెడితే రాతా, రాసేవాడి ముఖమూ ఒకే ఫ్రేములో పడతాయి. బల్ల మీద వంగి కాగితం మీద రాసేవాణ్ని తీస్తే కనబడేది నడినెత్తి. రెండు గంటలు నడినెత్తిని ఎవరు చూస్తారు? మా కాలేజీలో ఎవడైనా కిటికీ మీద రాసుంటే అటెండరు వాడి చేతికే తడిగుడ్డ ఇచ్చి తుడిపించేవాడు.

నవ్వించడానికి చెప్పడం లేదు. బుర్రలో జరిగే పని బయటికి కనబడదు. కనబడనిదాన్ని చూపించాలి కాబట్టి సినిమావాళ్లు దానికి వేగం తగిలిస్తారు. చకచకా సుద్దముక్క కదులుతుంది, వెనక సంగీతం ఎత్తుకుంటుంది, ప్రొఫెసరు నోరు తెరుచుకుని నిలబడతాడు. చూసే పిల్లాడి మనసులో తెలివంటే వెంటనే తట్టడమే అని ముద్ర పడిపోతుంది. అక్కడితో ఆగితే ఫరవాలేదు. వెంటనే తట్టకపోతే తనకి తెలివి లేనట్టే అని కూడా వాడు అనుకుంటాడు. మీవాడు ఇప్పుడు క్లాసులు అక్కర్లేదంటున్నాడని నాకు బెంగ లేదు. మొదటి సెమిస్టర్లో ఏదో ఒక లెక్క దగ్గర ఇరుక్కుపోయినప్పుడు ఈ రెండో మాట అనుకుంటాడేమోనని బెంగ.

'గుడ్ విల్ హంటింగ్' నే దగ్గరగా చూద్దాం, ఎందుకంటే అందులో లెక్క మీ ఇంట్లోనే చేయొచ్చు. ఎమ్ఐటీలో నేల తుడిచే కుర్రాడు, కారిడార్ బోర్డు మీద ప్రొఫెసరు రాసి పెట్టిన లెక్కలు ఎవరూ లేనప్పుడు చేసేస్తుంటాడు. రెండో లెక్క గురించి ప్రొఫెసరు, దాన్ని నిరూపించడానికి తమకే రెండేళ్లకు పైగా పట్టిందని క్లాసులో గొప్పగా చెప్తాడు. ఆ లెక్క తెలుగులో చెప్పుకుంటే ఇంతే: పది చుక్కలు పెట్టండి. అన్నిటినీ గీతలతో కలపండి. ఏ చుక్కా విడిగా మిగలకూడదు, గీతలు ఎక్కడా తిరిగొచ్చి చుట్టు పడకూడదు. ఇంకొక్క షరతు. ఏ చుక్కకీ సరిగ్గా రెండు గీతలు ఉండకూడదు. ఒకటి ఉండొచ్చు, మూడూ ఆపైన ఎన్నైనా ఉండొచ్చు. ఇలాంటి బొమ్మలు ఎన్ని రకాలుంటాయి? గణితంలో వీటిని చెట్లు అంటారు. జవాబు పది.

ఇది రెండేళ్లు పట్టే లెక్క కానే కాదు. ఇంటర్ చదివినవాడు ఓపిగ్గా కూర్చుంటే తేలిపోతుంది. నేను ఏటా ఫస్టియర్ వాళ్లకి మొదటి వారంలోనే ఇచ్చేవాణ్ని, జవాబు ఎంతో చెప్పకుండా, మార్కులు లేవని మాత్రం చెప్పి. ఐదు నిమిషాల్లో నక్షత్రం లాంటి బొమ్మ అందరికీ వచ్చేస్తుంది, మధ్యలో ఒక చుక్క, చుట్టూ తొమ్మిది. తర్వాత నడుమ రెండు చుక్కలు పెట్టి, మిగతావాటిని వాటికి తగిలిస్తే మూడు బొమ్మలు. నడుమ మూడు పెడితే నాలుగు. నడుమ నాలుగు చుక్కల్ని వరసగా నిలబెడితే ఇంకొకటి. మొత్తం తొమ్మిది. దాదాపు ప్రతి ఏడాదీ క్లాసు తొమ్మిది దగ్గర ఆగిపోయేది. ఎందుకంటే ఆ తొమ్మిది బొమ్మల్లోనూ నడుమ చుక్కలన్నీ ఒకే వరసలో ఉంటాయి, రెండు పక్కలా కాళ్లున్న గొంగళిపురుగులా. గణితంలో అలాంటి చెట్టు పేరు కూడా గొంగళిపురుగే. చెయ్యి ఆ వరసకి అలవాటు పడిపోతుంది. పదోది వరసలో ఉండదు.

సినిమాలో విల్ ఒకదాని తర్వాత ఒకటి గీసుకుంటూ పోతాడు. తొమ్మిది దగ్గర ఆగడం, ఆగి తల గోక్కోవడం మనకి చూపించరు. అసలు చదువంతా అక్కడే ఉంది.

ఈ కథని గుర్తుకు తెచ్చే నిజమైన సంఘటన ఒకటుంది. 1939లో, కాలిఫోర్నియాలోని బర్క్లీలో, జార్జ్ డాంట్జిగ్ అనే విద్యార్థి క్లాసుకి లేటుగా వచ్చాడు. బోర్డు మీద రెండు లెక్కలున్నాయి. హోంవర్క్ అనుకుని రాసుకుపోయాడు. మామూలుకన్నా కష్టంగా ఉన్నాయే అనుకుంటూ కొన్ని రోజులు కుస్తీ పట్టి, ఆలస్యమైనందుకు సారీ చెప్పి ప్రొఫెసర్ జెర్జీ నేమన్‌కి ఇచ్చాడు. ఆయన బల్ల మీద పెట్టేసి వెళ్లమన్నాడు. ఆరు వారాల తర్వాత ఒక ఆదివారం పొద్దున్నే నేమన్ వచ్చి ఇంటి తలుపు బాదాడు. అవి హోంవర్క్ కాదు, స్టాటిస్టిక్స్‌లో అప్పటిదాకా ఎవరూ తేల్చని ప్రశ్నలు. ఆ రెండూ కలిపే తర్వాత డాంట్జిగ్‌కి థీసిస్ అయ్యాయి. సినిమాకి పనికొచ్చే ముక్కలు ఇందులో రెండే, బోర్డూ, తలుపు బాదడమూ. మధ్యలో కుస్తీ పట్టిన రోజులు, కాగితాలు ప్రొఫెసరు బల్ల మీద పడి ఉన్న ఆరు వారాలు ఎవరికీ అక్కర్లేదు. ఇంకోటి కూడా మీవాడికి చెప్పండి. డాంట్జిగ్ ఆ రోజు లేటుగా వచ్చాడు గానీ, క్లాసుకి వచ్చాడు. ఈ పెద్దమనిషే 1947లో సింప్లెక్స్ పద్ధతి (ఉన్న వనరులతో ఎక్కువ లాభం ఎలా తేవాలో లెక్కకట్టే దారి) కనిపెట్టాడు. మీవాడి బ్రాంచిలో ఆపరేషన్స్ రీసెర్చ్ పేపరుంటే ఆ టేబుళ్లు వేసి వేసి వేళ్లు నొప్పి పుట్టి ఆయన్ని తిట్టుకుంటాడు.

అదే సినిమాలో ప్రొఫెసరు విల్‌ని రామానుజన్‌తో పోలుస్తాడు. మన పిల్లలు కూడా ఇక్కడే నాతో వాదన పెట్టుకునేవాళ్లు: "రామానుజన్ కూడా ఫెయిలయ్యాడు కదా సార్!" అయ్యాడు. కుంభకోణం ప్రభుత్వ కాలేజీలో స్కాలర్‌షిప్ మీద చేరి, లెక్కలు తప్ప ఇంకేదీ ముట్టుకోక అది పోగొట్టుకున్నాడు. 1905లో ఇంట్లో చెప్పకుండా మన విశాఖ వైపు పారిపోయాడు. తర్వాత మద్రాసు పచ్చయప్ప కాలేజీలో చేరి అక్కడా ఎఫ్ఏ (ఇప్పటి ఇంటర్ లాంటిది) తప్పాడు. 1912లో మద్రాసు పోర్ట్ ట్రస్టులో గుమస్తా, జీతం నెలకి 30 రూపాయలు. 1913 జనవరిలో కేంబ్రిడ్జి గణితవేత్త హార్డీకి ఉత్తరం రాశాడు, 1914లో కేంబ్రిడ్జి వెళ్లాడు, 1918లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు, 1920లో 32 ఏళ్లకే పోయాడు. కాగితం ఖరీదని పలక మీద లెక్కలు చేసి, మోచేత్తో చెరిపేసి, తేలిన ఫలితం మాత్రం నోటుబుక్కులో ఎక్కించేవాడు. ఎఫ్ఏ తప్పిన ఆ ఏళ్లలో ఆయన చేసిన పని వేరే ఏ విద్యార్థీ చేసి ఉండడు. పిల్లలకి నేనిచ్చే జవాబు ఇదే: "ఆ ఏడాది ఎఫ్ఏ తప్పినవాళ్లు చాలామంది ఉన్నారురా, మిగతావాళ్ల మీద ఎవరూ సినిమా తీయలేదు."

ఆయన మీద 2015లో వచ్చిన ఇంగ్లీషు సినిమా, దేవ్ పటేల్ వేసింది, ఒక విషయంలో నాకు నచ్చింది. జవాబు తట్టడం వేరు, దాన్ని నిరూపించడం వేరు అన్న గొడవ హార్డీకీ రామానుజన్‌కీ మధ్య నడుస్తుంది. గణితం చదివేవాడి జీవితంలో ఆ గొడవ నిజంగా ఉంటుంది. మిగతా చోట్ల మామూలే. 1909లో పెళ్లయ్యేనాటికి జానకికి పదేళ్ల లోపో, అటూ ఇటూనో. సినిమాలో పెద్దమ్మాయి, చక్కటి ప్రేమకథ.

'ఎ బ్యూటిఫుల్ మైండ్' గురించి ఎక్కువ చెప్పను. ప్రొఫెసర్లు వచ్చి నాష్ ముందు పెన్నులు పెట్టే దృశ్యం కల్పితం, ప్రిన్స్‌టన్‌లో అలాంటి ఆచారమే లేదు. బార్‌లో అమ్మాయిల ఉదాహరణతో సిద్ధాంతం తట్టినట్టు చూపిస్తారు. అందరూ అందగత్తెను వదిలేసి ఆమె స్నేహితురాళ్ల దగ్గరికి వెళ్లాలని అక్కడ తేలుస్తారు. అందరూ వదిలేశారని తెలిస్తే నలుగురిలో ఒకడు మెల్లగా ఆమె దగ్గరికే పోడూ? పోతాడు. ఒక్కడు మాట మార్చినా లాభపడే చోటు నాష్ సమతౌల్యం కాదు. అంటే నాష్‌కి పేరు తెచ్చిన విషయాన్నే నాష్ సినిమా తప్పుగా చెప్పింది! అయినా నాలుగు ఆస్కార్లు వచ్చాయి.

ఇంకో జబ్బు ఉంది, అది నాకు ఎక్కువ కోపం తెప్పిస్తుంది. తెలివున్నవాడికి నోటి దురుసు ఉండి తీరాలన్నట్టు చూపించడం. విల్ తనకి సాయం చేయడానికి వచ్చిన డాక్టర్లందరినీ అవమానిస్తాడు. 'ది సోషల్ నెట్‌వర్క్' మొదటి సీన్లోనే హీరో ఎదురుగా కూర్చున్న అమ్మాయి చదువుతున్న కాలేజీని తీసిపారేస్తాడు. మన 'అర్జున్ రెడ్డి' చదువులో టాపర్, సర్జరీలో మొనగాడు, కాబట్టి మిగతా అంతా చెల్లుబాటు. 'విప్‌లాష్' (2014)లో ఈ దురుసు గురువుకి అంటుకుంటుంది. సంగీతం మాస్టారు పిల్లల్ని కొడతాడు, కుర్చీలు విసురుతాడు. దానికి సమర్థనగా, శాక్సఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్ తప్పు వాయిస్తే డ్రమ్మర్ జో జోన్స్ అతని తల తెగిపోయేలా సింబల్ (డ్రమ్స్‌తో పాటు మోగించే ఇత్తడి పళ్లెం) విసిరాడని కథ చెప్తాడు. నిజానికి ఆయన దాన్ని నేలకేసి కొట్టాడంతే, ఇక దిగిపొమ్మని. నా సర్వీసులో నిజంగా గొప్ప బుర్ర అనదగ్గ పిల్లలు ఆరేడుగురు తగిలారు. అందులో ఒక్కడే మొండివాడు. మిగతావాళ్లంతా పక్కవాడికి ల్యాబ్‌లో ప్రోగ్రాం ఎందుకు రన్ అవడం లేదో చూసిపెట్టే రకం.

ఇక '3 ఇడియట్స్' (2009). దాని తమిళ రూపం 2012లో 'స్నేహితుడు'గా తెలుగులోకి కూడా వచ్చింది. మీవాడి వాదనలో నిజం ఉందన్నాను కదా, అది ఇక్కడ ఉంది. రాంచో క్లాసులో నిలబడి స్నేహితుల పేర్లతో కల్పించిన రెండు మాటలు బోర్డు మీద రాసి అర్థం చెప్పమంటే, ప్రొఫెసరుతో సహా అందరూ పుస్తకాలు తిరగేస్తారు. ఆ సీన్ చూసినప్పుడు నాకు చెమట పట్టింది. మా క్లాసులు అలాగే ఉండేవి. పరీక్షకి ముందు రోజు ఆల్ ఇన్ వన్ గైడు కొనుక్కుని, ముఖ్యమైన ప్రశ్నలకి టిక్కులు పెట్టుకుని, రాసి పాసైపోవడం. ఎక్స్‌టర్నల్ వైవాకి వస్తే రికార్డు ఎంత నీట్‌గా ఉందో చూసి మార్కులు వేయడం. ఆ రికార్డు కూడా సీనియర్ది చూసి దించిందే. తెలివున్న పిల్లాడికి ఇది విసుగ్గా ఉంటే తప్పు వాడిది కాదు. గడువు పొడిగించమని అడిగిన కుర్రాణ్ని డైరెక్టరు తోసిపుచ్చడం, తర్వాత జరిగే ఘోరం, అదీ ఊహించి రాసింది కాదు.

కానీ ఆ సినిమా మోసం కూడా చేసింది. ర్యాంకులు ఒట్టి పిచ్చి అని రెండున్నర గంటలు చెప్పి, తన హీరోకి మాత్రం ప్రతిసారీ ఫస్ట్ ర్యాంకే ఇచ్చింది. ర్యాంకుని నమ్మనివాడికి ముప్పై నాలుగో ర్యాంకు ఇచ్చి, అయినా వాడు బాగున్నాడని చూపించే ధైర్యం చేయలేదు. ప్రేక్షకుడు ఒప్పుకోడని భయం. 'మహర్షి' (2019) కూడా అంతే, విశాఖలో చదివిన కుర్రాడు నేరుగా అమెరికాలో సీఈవో. ఆ సినిమాలో నాకు గుర్తుండిపోయింది హీరో కాదు. నింద తన మీద వేసుకుని చదువు పోగొట్టుకున్న స్నేహితుడు, అల్లరి నరేష్ వేసిన పాత్ర. ప్రతి బ్యాచ్‌లోనూ అలా సగంలో జారిపోయేవాడు ఒకడుంటాడు. కారణం చాలాసార్లు అంత త్యాగం కూడా కాదు. ఫీజు బకాయి, నాన్న ఆరోగ్యం, డిటెన్షన్. అటెండెన్స్ 75 శాతం ఉండాలి, తగ్గితే 65 దాకా కండోనేషన్ ఫీజు కట్టి గట్టెక్కొచ్చు, ఆ కిందకి పోతే సెమిస్టర్ పోయినట్టే. ఇన్నేళ్ల తెలుగు సినిమాల్లో అటెండెన్స్ శాతం గురించి టెన్షన్ పడిన హీరోని నేను చూడలేదు. చేతిలో ఒక్క నోటుబుక్కు, అదీ వేలి మీద గిరగిరా తిప్పడానికి.

కాలేజీ భవనాల మాట కూడా చెప్పాలి, ఎందుకంటే పిల్లలు వాటిని చూసే ఊహించుకుంటారు. '3 ఇడియట్స్' ఇంజనీరింగ్ కాలేజీ నిజానికి బెంగళూరు ఐఐఎం. ఆ రాతి వరండాలు బాలకృష్ణ దోషి మేనేజ్‌మెంట్ చదువు కోసం గీసినవి. 'ది సోషల్ నెట్‌వర్క్'కి హార్వర్డ్ తన క్యాంపస్‌లో షూటింగ్‌కి ఒప్పుకోలేదు, చాలావరకు జాన్స్ హాప్‌కిన్స్‌లో తీశారు. 'గుడ్ విల్ హంటింగ్'లో ఎమ్ఐటీగా కనిపించేది ఎక్కువగా టొరంటో. మన 'హ్యాపీ డేస్' మాత్రం హైదరాబాద్ సీబీఐటీలో, నిజంగా ఇంజనీరింగ్ కాలేజీలోనే తీశారు. మెట్ల మీద కూర్చోవడం, సీనియర్ ఎదురొస్తే దారి మార్చడం, ఫేర్‌వెల్ నాడు ఏడవడం, నాలుగేళ్లలో ముఖాలు మారిపోవడం శేఖర్ కమ్ముల బాగా పట్టుకున్నాడు. చదువే కాస్త తక్కువ. నితేష్ తివారీ తను చదివిన ఐఐటీ బొంబాయిలోనే 'ఛిఛోరే' (2019) తీశాడు, హాస్టల్ గదుల కంపు తెర మీదకి వచ్చేంత బాగా. ఓడిపోయినవాళ్ల గురించి మాట్లాడింది కాబట్టి ఆ సినిమా అంటే నాకు గౌరవం.

మన దగ్గర తెలివైన విద్యార్థికి అసలు కష్టం ప్రిన్సిపాల్ కాదు, భాష. నూజివీడు, ఇడుపులపాయ, బాసర ట్రిపుల్ ఐటీలు 2008లో మొదలయ్యాయి. పదో తరగతి మార్కుల మీద పల్లెల నుంచి పిల్లల్ని తీసుకుంటారు, ఆరేళ్ల చదువు. సెలెక్షన్ లిస్టుల్లో ఆడపిల్లల పేర్లు ఎక్కువగా కనిపిస్తాయి. మండలంలో ఫస్ట్ వచ్చిన అమ్మాయి, పెట్టె సర్దుకుని, తనలాంటి వెయ్యిమంది ఫస్టుల మధ్య వచ్చి కూర్చుంటుంది. నిన్నటిదాకా ఊళ్లో అందరికీ తెలిసిన పేరు, ఇవాళ ఒక ఐడీ నంబరు. ఇంతకన్నా పెద్ద కథ ఏం కావాలి? పెద్ద హీరో ఉన్న సినిమా ఒక్కటీ ఆ గేటు దాకా పోలేదు. మన సినిమాల్లో చదువుకునే అమ్మాయంటే తెల్ల ఏప్రన్ వేసుకుని హీరో చేత పాఠం చెప్పించుకునే అమ్మాయే. నా క్లాసుల్లో మాత్రం, ముఖ్యంగా సీఎస్ఈలో, నోట్సు అరువిచ్చేది అమ్మాయిలు, తీసుకునేది అబ్బాయిలు.

డబ్బు సంగతి కాస్తయినా చూపించింది 'కలర్ ఫోటో' (2020). మచిలీపట్నంలో పాలు పోస్తూ ఇంజనీరింగ్ చదివే కుర్రాడి కథ. అది ప్రేమకథే, కానీ పొద్దున్న పాల క్యాన్, తర్వాత కాలేజీ అన్న ఆ టైంటేబుల్ మనది.

ఒక కుర్రాడి గురించి చెప్పి ఆపుతాను. ఉత్తరాంధ్ర పల్లె, ఇంటర్ దాకా తెలుగు మీడియం. అవకలనం, సమాకలనం, మాత్రికలు, సంభావ్యత అన్నీ కొట్టిన పిండి, కానీ వాటినే ఇంగ్లీషులో అడిగితే లేచి నిలబడి నేల చూసేవాడు. చివరి బెంచీ. చుక్కల లెక్క ఇచ్చిన రోజు సాయంత్రం స్టాఫ్‌రూం గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి రావడానికి ఇంగ్లీషు వాక్యం కూడబలుక్కుంటున్నాడు. "తెలుగులోనే అఘోరించరా" అన్నాను. ల్యాబ్ రికార్డు వెనక అట్ట లోపలివైపు పెన్సిల్‌తో గీసిన తొమ్మిది బొమ్మలు చూపించాడు.

"తొమ్మిదే సార్. ఇంకోటి లేదు."

"లేదని ఎలా తెలుసు?"

మాట్లాడలేదు. రికార్డు మూసుకుని వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. నాలుగో రోజు ఇంటర్వెల్‌లో వచ్చి, పలకరింపు కూడా లేకుండా మొదలుపెట్టాడు. "గీతలు తొమ్మిది సార్. గీతకి రెండు కొసలు, మొత్తం పద్దెనిమిది. నడుమ చుక్కలు ఐదుంటే వాటికే పదిహేను కొసలు పోతాయి, మిగతా ఐదు చుక్కలకీ ఐదు, ఇరవై అయిపోతుంది. కాబట్టి ఐదు కుదరదు. నాలుగైతే పన్నెండూ ఆరూ పద్దెనిమిది, సరిగ్గా సరిపోతాయి. అయితే ఆ నాలుగూ వరసలోనే నిలబడాలని ఎక్కడుంది సార్?" అని, మధ్యలో ఒకటి, దాని చుట్టూ మూడు, ఒక్కోదానికి రెండేసి రెమ్మలు పెట్టి పదోది గీశాడు. ఇక పదకొండోది ఉండదు అని కూడా చెప్పాడు.

సినిమా అయితే ఇక్కడ నేను కళ్లజోడు తీసి వాణ్ని కౌగిలించుకోవాలి. వాడి ముఖంలో చూస్తే చిరాకు. "ముందే కొసలు లెక్కపెట్టుకునుంటే అర్ధగంటలో అయిపోయేది సార్, నాలుగు రోజులు వేస్ట్" అన్నాడు. కాఫీ తాగుతావా అంటే వద్దన్నాడు, మెస్ మూసేస్తారట. ఆ ఏడాది వాడు ఇంజనీరింగ్ డ్రాయింగ్ తప్పాడు. కోతలకి ఊరెళ్లి అటెండెన్స్ తగ్గించుకుని కండోనేషన్ కట్టాడు. సప్లీలో పాసయ్యాడు. ఇప్పుడు ప్రభుత్వ శాఖలో ఇంజనీరు. మొన్నామధ్య ఫోన్ చేసి, ఇలాంటి లెక్కలు ఇంకేమైనా ఉంటే వాళ్లమ్మాయికి పంపమన్నాడు.

ఏ సినిమా దగ్గరగా ఉందంటే, ముక్కలు ముక్కలుగా ఉంది. స్నేహాలకి 'హ్యాపీ డేస్', ఓటమికి 'ఛిఛోరే', బట్టీ చదువుకి '3 ఇడియట్స్' లో ఆ బోర్డు సీన్, డబ్బుకి 'కలర్ ఫోటో'. ఇవన్నీ మీవాడితో కూర్చుని చూడండి, క్లాసు పీకకండి.

తర్వాత ఈ సమాధానం చూపించకుండా ఆ పది చుక్కల లెక్క ఇవ్వండి. జవాబు పది అని కూడా చెప్పొద్దు. తొమ్మిది గీసి అయిపోయిందంటే, ఇంకోటి లేదని ఎలా తెలుసని ఒక్కసారి అడిగి వదిలేయండి. భోజనానికి పిలిస్తే రాకపోతే కంచం మీద మూత పెట్టి ఉంచండి.